డికాక్షన్‌లో నానిన జెండా

సినిమా వాళ్లకు పాతకాలం అంటే ఒకటే రంగు, టీ రంగు. చీరైనా, పంచె అయినా డికాక్షన్‌లో ముంచి ఆరేస్తే చాలు, స్వాతంత్ర్యోద్యమం దిగిపోయినట్టే! ఇన్నేళ్లుగా ఫిల్మ్‌నగర్‌లో కాస్ట్యూమ్స్ చేస్తున్నాను, నేనూ బోలెడు బట్టలు ముంచాను. ఆ జెండాను మాత్రం ముంచొద్దని మొత్తుకున్నాను.

మొట్టమొదటి స్వాతంత్ర్య దినం నాడు ఓ ఊరి బడిలో జెండా ఎగరేసే సీను అది. ఆ రోజు మా నాన్న గుంటూరు వైపు ఒక ఊళ్లో బడి పిల్లవాడు. ఇప్పుడు చూపు బాగా తగ్గింది. ఈ సినిమా సంగతి తెలిసినప్పటి నుంచి ఒకటే పాట. "చరఖా తీసేసి చక్రం పెట్టిన కొత్త జెండా అమ్మా! ఎండలో ఆ తెలుపు ఎంత తెలుపనుకున్నావ్! నా కళ్లు పూర్తిగా పోకముందే ఇంకొక్కసారి చూడాలి." సరేనని మాటిచ్చాను. ఖద్దరు తెప్పించి, దగ్గరుండి కుట్టించాను.

షూటింగ్ రోజు పొద్దున్నే సెట్‌కు వెళ్తే, జెండా దండెం మీద మసిగుడ్డలా వేలాడుతోంది. "ఏంటయ్యా ఇది?" అని అరిచాను.

"తెల్లగుంటే ఓల్డ్ లుక్ రాదు మేడమ్," అన్నాడు ఆర్ట్ అసిస్టెంట్ తాపీగా. "సారే చెప్పిండు. డికాక్షన్ల నానబెట్టినం, అంచులు గూడ జర చింపినం."

అరికాలి మంట నెత్తికెక్కింది. నేరుగా డైరెక్టర్ దగ్గరికి వెళ్లాను. "ఇవాళ మనకు పాతది గానీ, ఆ రోజు వాళ్లకది కొత్త జెండా కదండీ! మధ్యలో తెలుపంటే సత్యం, శాంతి. టీ మరక కాదు. పైగా మాసిన జెండా, చిరిగిన జెండా ఎగరేయకూడదు, కేసవుతుంది."

"పీరియడ్ ఫీల్ రావాలి కదండీ," అన్నారాయన.

సత్యం, శాంతి ఎవరికీ ఎక్కలేదు. కేసన్న మాట ప్రొడ్యూసర్ చెవిన పడి పని చేసింది. వీళ్ల సంగతి తెలిసి రెండో జెండా కూడా కుట్టించి ఉంచాను కాబట్టి బతికిపోయాం. అది పైకి వెళ్లి రెపరెపలాడితే తెలుపు మల్లెపూవులా ఉంది. హమ్మయ్య అనుకున్నాను.

కొన్ని నెలలకు ప్రివ్యూ వేశారు. నాన్నను తీసుకెళ్లి ముందు వరుసలో కూర్చోబెట్టాను. ఆ సీను వచ్చింది. గుడ్డ మీద కుదరనిది కంప్యూటర్లో కానిచ్చేశారు మహానుభావులు! రంగులు దిద్దే గదిలో కూర్చుని బడినీ, పిల్లల్నీ, ఆకాశాన్నీ, జెండానీ కలిపి టీలో ముంచేశారు. నాకు ఏడుపొచ్చింది. తెర నిండా జెండా ఎగురుతోంది.

నాన్న నా చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగారు.

"జెండా ఎప్పుడొస్తుందమ్మా?"