యాభై ముందుకు, రెండు వెనక్కి

ఇరవై ఎనిమిదేండ్ల కింద, ఆషాఢంలో ఒక సోమవారం, గోదావరిఖని దగ్గరి ఒక భూగర్భ గనిలో ల్యాంప్ రూం అటెండెంటుగా చేరిన. బాపు జబ్బుచేసి సర్వీసులోనే పోయిండు. ఆయన బదులు నాకిచ్చిన ఉద్యోగమది. నేను బడి మెట్లెక్కలేదు. కన్న అవ్వకు సుస్తీ, తమ్ముళ్లు చిన్నోళ్లు. బాపు డ్యూటీ దిగి వచ్చినంక ఇంట్లో చెప్పిందే నా చదువు. పదో తరగతి ప్రైవేటుగా రాసిన.

ల్యాంప్ రూం పని బయటివాళ్లకు తెలియదు గనుక చెప్పుత. గనిలోకి దిగే ప్రతి మనిషికీ ఒక నంబరుంటది. ఆ నంబరున్న ఇత్తడి బిల్ల మా కిటికీలో ఇచ్చి, లోపలికొచ్చి, తన నంబరు టోపీ లైటు తానే తీసుకుంటడు. బిల్లను మేము ఆ షిఫ్టు బోర్డుకు తగిలిస్తం, షిఫ్టుకొక బోర్డు. పైకొచ్చి లైటు దాని జాగలో పెడితే బిల్ల తిరిగిస్తం. షిఫ్టు చివర బోర్డు మీద బిల్ల మిగిలిందంటే మనిషి ఇంకా కింద ఉన్నట్టే.

లైట్లు పన్నెండు వందలు. ఇరవై అయిదు వరుసలు, వరుసకు నలభై ఎనిమిది. ఒక్కో వరుస ఒక్కో గ్యాంగుది. వరుసలో మొదటి నంబరు ఆ గ్యాంగు సర్దారుది. పని జాగలో గాలి, పైకప్పు చూసి, అందరినీ పంపి, ఆఖరున వచ్చే మనిషి సర్దారు. సర్దార్ల బిల్లలు చదరంగా, మిగతావి గుండ్రంగా ఉండేవి. బాపు కూడా సర్దారే. ఆయన నంబరు 1009, ఇరవై రెండో వరుస.

ఆ వరుసలు కండ్లతో చూడకముందే నాకు తెలుసు. క్వార్టరు వెనుక గోడ మీద బాపు నాతో బొగ్గుతో రాయించేటోడు: 1, 49, 97, 145, 193. వందలు దాటంగనే నేను తడబడేదాన్ని. "పెద్ద లెక్కకు భయమెందుకు బిడ్డా? యాభై అడుగులు ముందుకెయ్యి, రెండు వెనక్కి రా" అనేటోడు. "గోడంత ఖరాబు చేస్తున్నరు తండ్రీబిడ్డలు" అని అవ్వ మంచంలోంచే తిట్టేది. ఒకనాడు నేను కనిపెట్టిన: ఆఖరి అంకెలు ఒకటి, తొమ్మిది, ఏడు, అయిదు, మూడు, మళ్లీ ఒకటి. అయిదు వరుసలకోసారి, అంటే రెండు వందల నలభైకి, అదే అంకె తిరిగొస్తది. బాపు చాలాసేపు గోడను చూసి, "ఇన్నేండ్లల్ల నాకు కానరాలే" అన్నడు. అంత మెప్పు నాకు మళ్లీ ఎక్కడా దొరకలేదు.

చేరిన మూడో వారం. మా ఇన్‌చార్జి సెలవు పెట్టిండు. బదులుగా వేరే గని నుంచి కోస్తా ఆయన ఒకరు వచ్చిండ్రు. పొద్దున కిటికీ దగ్గర గుంపు. ఒక పెద్దమనిషి బిల్ల పెట్టి లోపలికి పోయిండు. చూస్తే అంకెలు అరిగిపోయినయి. ఏ మేకుకు తగిలించాల్నో తెలియక, తర్వాత ఎవరినన్నా అడుగుదామని సొరుగులో వేసిన. వేసి మరిచిన.

మొదటి షిఫ్టు దిగినంక దాని బోర్డు ఖాళీ. "అందరూ వచ్చేశారమ్మా, సంతకం పెట్టేస్తాను" అన్నరు సార్. పెన్ను కోసం సొరుగు లాగిన. బిల్ల కనబడ్డది.

"ఆగుండ్రి సార్. ఒక మనిషి కిందున్నడు."

"ఎవరు?"

అదే నాకు తెలియదు. రెండో షిఫ్టువాళ్లు తమ లైట్లు తీసుకుపోయిండ్రు. ఎక్కడ చూసినా ఖాళీలే. బిల్లను వెలుతురుకు తిప్పిన. చదరం, అంటే సర్దారు. చివర ఏడు ఒక్కటే కంటికి ఆనుతున్నది. 97 నుంచి రెండు వందల నలభై చొప్పున నడిచిన: 337, 577, 817, 1057. ఇరవై అయిదుగురిలో అయిదుగురే. మొదటి మూడు లైట్లు జాగలో ఉన్నయి. 1057 బిల్ల రెండో షిఫ్టు బోర్డు మీద ఉన్నది. 817 జాగ ఖాళీ, బోర్డు మీద బిల్ల కూడా లేదు. రిజిస్టరులో ఆ నంబరు ముందు పేరు: రాజయ్య, సర్దారు.

సార్ గనిలోకి ఫోను చేసిండ్రు. గ్యాంగువాళ్లు 'సర్దారు వెనుక వస్తుండు' అనుకొని పైకొచ్చిండ్రట. అరగంటలో మనిషి దొరికిండు. పక్క గోడలోంచి రాయి జారి మడమ మీద పడితే, లేవలేక, పైకప్పుకు ఆసరాగా నిలిపిన కట్టె దిమ్మెకు ఆనుకొని కూర్చున్నడు. లైటు ఇంకా వెలుగుతున్నది.

స్ట్రెచర్ మీద పోతూ నా కిటికీ దిక్కు చూసి, "ఏం బిడ్డా, నా బిల్లను సొరుగుల దాస్తివట. నన్ను గూడ అండ్లనే దాస్తే కాలు దక్కుతుండె గదా!" అన్నడు. అందరూ నవ్విండ్రు. నాకు నవ్వు రాలేదు. దిగేముందు మైసమ్మను తలచుకుంటూ బొటనవేలితో రుద్ది రుద్ది ఆ అంకెలు ఆయనే అరగదీసిండని తర్వాత తెలిసింది. బిల్ల మార్చుకొమ్మంటే, "ముప్పై ఏండ్లు నన్ను పైకి తెచ్చింది, ఎట్ల ఇడుస్త?" అనేటోడట. మొహమాటానికి ఎవరూ గట్టిగా చెప్పలేదు.

నాకు మెమో ఇచ్చిండ్రు, న్యాయమే. ఆ సాయంత్రం మైసమ్మకు కర్పూరం వెలిగించిన. ఇంటికొచ్చి వెనుక గోడ దగ్గర నిలబడ్డ. సున్నం వేసి ఏడాదైంది. నా లెక్క ఎందుకు పనికొచ్చిందో చెప్పుకోవాలనిపించింది. వినాల్సిన మనిషి లేడు. అక్కడ పనిచేసినన్నాళ్లు డ్యూటీ ఎక్కంగనే ముందు 1009 జాగ చూసేదాన్ని. ఆ లైటు వేరే సర్దారు తీసుకుపోయేటోడు.

ఆ రోజు నేర్చుకున్నది రెండు ముక్కలు. చదవని బిల్లను చేతిలోంచి విడువొద్దు. బోర్డు ఖాళీగా ఉన్నంత మాత్రాన గని ఖాళీ అయినట్టు కాదు. నా తర్వాత చేరినవాళ్లకు కిటికీ పని అప్పజెప్పేముందు వరుసలు నడిపించిన: యాభై ముందుకు, రెండు వెనక్కి.