నాన్నకు ఎక్కిన మూడో సీసా

నా చిన్నప్పుడు ఒక్క అలకి మాకు పోయినవి ఇవి: పడవ, రెండు వలలు, ఆ పూట పట్టిన చేపలు, మోకాలి కింద నుంచి మా నాన్న కుడికాలు. ఆర్యపల్లి ఒడ్డున అందరూ వీటినే లెక్కపెట్టారు. కారిపోయిన నెత్తుటిని లెక్కలో వేసింది మా తాతయ్య ఒక్కడే.

తాతయ్య అంటే అమ్మ తండ్రి. వయసులో ఉండగా బర్మా యుద్ధంలో గాయపడ్డ సిపాయిలను మోసి వచ్చినవాడు. పడవ కింద నలిగిన నాన్న కాలికి తువ్వాలు బిగించి, చేపల లారీలో ఐసు పెట్టెల పక్కన పడుకోబెట్టి, బరంపురం ఆసుపత్రికి తెచ్చాడు. కడుపుతో ఉన్న అమ్మ, నేను, నాన్నతో వేటకెళ్ళే ముగ్గురూ వెంట వచ్చాం. కాలు తీసేయాలి, మూడు సీసాల రక్తం ఎక్కించాలి, లేకపోతే మనిషి దక్కడు అన్నాడు డాక్టరు.

రక్తం ఇవ్వడానికి ఆ ముగ్గురూ ముందుకు రాలేదు. రక్తం తీస్తే మళ్ళీ తెడ్డు వెయ్యలేమని వాళ్ళ భయం. వాళ్ళ ఇళ్ళల్లో పొయ్యి వెలిగేది ఆ చేతులతోనే మరి. తాతయ్య ముందు తనే చొక్కా చెయ్యి మడిచాడు. వయసు మీరిందని డాక్టరు వద్దన్నాడు. అప్పుడాయన బెంచీ మీద కూలబడి, యుద్ధంలో చూసింది చెప్పాడు. సున్నం కొట్టిన గోడలా పాలిపోయిన సిపాయికి సీసా తగిలిస్తే పెదాలకు రంగొచ్చి, మంచినీళ్ళు అడిగాడట. ఆ రక్తం ఎక్కడో ఎవరో ఇస్తే ఐసులో పెట్టి పంపిందట.

చెప్పి, నెమ్మదిగా అడిగాడు. "జబ్బుసేసి ఒడ్డున పడున్నోడికి వాటా ఎయ్యరేటి మీరు?"

మా దగ్గర వేటకి రాలేని మనిషికి కూడా చేపల్లో వాటా తీసి పెడతారు. తియ్యకపోతే పడవలో అందరికీ తలవంపులు. ఆ ముగ్గురిలో ఒకడు, మా చిన్నమావ, లేచాడు.

"నీ ఒంట్లో నెత్తురెక్కడుందిరా, అంతా సారాయే గదా," అన్నాడు పక్కనున్నవాడు.

"మంచిదే. బావకి మత్తెక్కి నొప్పి తెలీదు. నువ్వూ లెగు."

ముగ్గురూ లేచారు. ఒకడికి కామెర్లున్నాయని పంపేశారు. ఇద్దరి రక్తం నాన్నకు సరిపడింది. మూడో సీసా ఆసుపత్రి నిల్వలోంచి ఇచ్చారు. దానికి బదులు ఒక సీసా తర్వాత ఇప్పిస్తానని తాతయ్య మాటిచ్చాడు.

నాన్న బతికాడు. ఇక సముద్రంలోకి వెళ్ళలేదు, వాకిట్లో వలలు బాగుచేస్తూ ఉండిపోయాడు. ఆసుపత్రి నుంచి ఇంటికి తిరిగొచ్చిన రోజు తాతయ్య నాతో అన్నాడు, "ఒలే, ఆలిద్దరూ మనోళ్ళు. మూడోవోడెవుడో మనకి తెలీదు. ఆడి వాటా మర్సిపోకు."

ఆ బదులు సీసా ఇప్పించకుండానే ఆయన పోయాడు. మాట నాకు మిగిలింది. చేపల బుట్ట దించి, రక్తం ఇద్దామని ఎన్నిసార్లు బరంపురం బస్సెక్కానో. వేలు పొడిచి చూస్తారు. నీకే రక్తం తక్కువుందమ్మా, బాగా తిని రా అంటారు. ఆకుకూరలు, బెల్లం, మాత్రలు అన్నీ అయ్యాయి. పోయిన నెలా వెళ్ళాను, మళ్ళీ వెనక్కి పంపారు. మనవలున్న మనిషివి, ఇంకా ఎందుకు తిరుగుతావని ఇంట్లో అడుగుతారు. ఎవరో తెలియని ఆ మూడో మనిషికి మేం ఇంకా ఇవ్వాల్సింది ఒక సీసా.