వంగినా కనిపించకూడని పిస్టల్

ఆడదాన్నైనా నన్ను అందరూ గన్‌మెన్ అనే పిలుస్తారు. ఎల్బీ నగర్‌లో ఉండే ఒక నాయకురాలికి రక్షణగా ఉండటం నా డ్యూటీ. యూనిఫాం ఉండదు, మామూలు బట్టలే. నడుముకు పిస్టల్ ఉంటుంది. అది ఎవరికీ కనిపించకూడదు. చెప్పడానికి ఒక్క మాటే, కానీ నాలాంటి ఒళ్ళున్న మనిషికి అది రోజంతా పడే పాటు.

ఆ ఏడు బతుకమ్మ మొదలైన రోజు హయత్‌నగర్‌లో మేడమ్ ఆడవాళ్ళతో కలిసి ఆడింది. ఆమె పక్కన నేనూ ఆడక తప్పలేదు. బతుకమ్మ అంటే చుట్టూ తిరుగుతూ, వంగి లేస్తూ చప్పట్లు కొట్టడం. ఎక్కడో ఒకసారి వంగినప్పుడు నా కుర్తా పైకి లేచింది. ఎవరో తీసిన వీడియోలో మేడమ్ నవ్వుతో పాటు నా నడుమూ, పిస్టల్ పిడీ పడ్డాయి. మర్నాటికి కాలనీల వాట్సాప్ గ్రూపులన్నిటిలో అది తిరిగింది.

నాకు దాన్ని చూపించింది మేడమ్ పీఏ. విజయవాడ వైపు మనిషి, ఎప్పుడో వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు.

“చూడండమ్మా, మేడమ్ కంటే మీరే ఎక్కువ కనపడుతున్నారు,” అన్నాడు ఫోన్ నా మొహం దగ్గర పెట్టి. “చివరి రోజు, సద్దుల బతుకమ్మకి అల్మాస్‌గూడలో పెద్ద ఆట ఉంది. అప్పుడు కూడా ఇలాగే అయితే నేనేం చేయలేనండి. వేరే వాళ్ళని పంపమని అడగాల్సి వస్తుంది.”

ఆ గొంతులో బాధేమీ లేదు. ఎప్పటినుంచో ఎదురు చూస్తున్న అవకాశం దొరికినవాడిలా ఉన్నాడు. ఈ డ్యూటీ పోతే నేను హెడ్‌క్వార్టర్స్‌కు వెళ్ళాలి. అక్కడినుంచి ఏ జిల్లా బందోబస్తుకు ఎప్పుడు పంపుతారో తెలియదు. ఇంట్లో పదో తరగతి చదివే కూతురుంది. అంతకంటే, లావుగా ఉందని పంపేశారన్న మాట నా వెనక పుట్టడం నాకిష్టం లేదు.

తప్పు నా ఒంటిది కాదు, పిస్టల్ పెట్టుకునే హోల్‌స్టర్‌ది. స్టోర్‌లో ఇచ్చింది యూనిఫాం మీదికి చేసినది. ప్యాంటు బెల్టుకు బయట వేలాడుతుంది. పొట్ట బరువుకు బెల్టు ముందుకు జారితే అదీ జారి, పిడి బయటికి పొడుచుకొస్తుంది. అది ఇచ్చినాయన నన్ను ఎగాదిగా చూసి, “బెల్టుకు ఇంకో రెండు రంధ్రాలు కొట్టుకోమ్మా,” అన్నాడు. ఆయన ఎప్పుడో రిటైరయ్యాడు. ఆ మాట మాత్రం నా దగ్గరే ఉంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో పోలీసు సామాన్లు అమ్మే దుకాణానికి వెళ్ళాను. కౌంటర్ దగ్గరున్నతను నన్ను చూడకుండానే ఒక హోల్‌స్టర్ ముందుకు తోశాడు.

“ఫ్రీ సైజ్ మేడమ్. ఎవరికైనా అయితది.”

“ఎవరికి పెట్టి చూసినవ్?”

“కంపెనీ మాల్ మేడమ్, చూసేదేముంది?”

ఫ్రీ సైజ్ అన్న మాట విన్నప్పుడల్లా నాకు అనుమానమే. సన్నవాళ్ళ కోసం చేసి అందరికీ అంటగట్టే సరుకు అది. దుకాణంలో వేరే ఎవరూ లేరు కదా అని అక్కడే ఒక్కొక్కటి పెట్టుకుని చూశాను. ప్యాంటు లోపల ముందువైపు పెట్టుకునేది నిలబడితే బాగానే ఉంది. స్టూలు మీద కూర్చోగానే కింది అంచు తొడలో, పై అంచు పొట్ట మడతలో దిగింది. వెనక నడుం మధ్యలో పెట్టుకునేది వంగితే బయటపడుతుంది, కారు సీటుకు ఆనితే వెన్నెముకను పొడుస్తుంది. భుజాలకు తగిలించుకునే పట్టీల్లో నేను పట్టనే లేదు. చివరికి పాదం పైన కట్టుకునేది తీశాడు. “వంగి దీన్ని అందుకునేసరికి మా మేడమ్‌ను ఎత్తుకపోతరు,” అన్నాను. నేను నవ్వలేదు. అతను నవ్వాడు.

అన్నీ పక్కన పెట్టి, పిడి ముందుకు వాలి ఉండే గట్టి తోలుది ఒకటి తీసుకున్నాను. కుడి తుంటి ఎముకకు కాస్త వెనక, పక్కటెముకల కింది మడతలో ఆ పిడి ఒదిగింది. ట్రిగ్గర్‌ను తోలు పూర్తిగా కప్పింది. అది నాకు నచ్చింది. కానీ ఏ బెల్టు దాన్ని అక్కడ నిలపాలి? సన్నటి బెల్టు నా నడుం మీద మెలిపడుతుంది.

బయటికొచ్చి నాలుగు అడుగులు వేశానో లేదో పక్కనే మందుల దుకాణం. అద్దం వెనక నడుం నొప్పికి కట్టుకునే వెడల్పాటి బెల్టు. చూడగానే కాళ్ళు ఆగిపోయాయి.

“డెలివరీ అయి ఎన్ని నెలలైంది అక్కా?” అన్నాడు దుకాణంలో ఉన్నతను.

“నా బిడ్డ పదో తరగతి.”

తలవంచుకుని పెద్ద సైజు తీసిచ్చాడు. జానెడు వెడల్పు, వెనక సన్నటి గట్టి పట్టీలు. బరువును నడుమంతా పంచుకుంటుంది, ఒకచోట కోయదు. బ్యాగులు కుట్టేవాడి దగ్గరికెళ్ళి హోల్‌స్టర్‌ను దానికి కుడివైపు గట్టిగా కుట్టించాను. డ్రిల్ మిషన్ పెట్టుకోవడానికని చెప్పాను. వెంటనే నమ్మాడు. అంత తొందరగా నమ్మడం నాకు నచ్చలేదు. పని అయ్యేదాకా ఎదురుగానే నిలబడ్డాను.

పైకి కుర్తా కూడా మార్చాను. మెత్తటి బట్ట ఒంటికి అతుక్కుని లోపల ఏముందో చెప్పేస్తుంది. మా పుట్టింటివాళ్ళు పోచంపల్లి మగ్గం మనుషులు. అక్కడి ముతక నూలు ఇక్కత్ బిర్రుగా నిలబడుతుంది, ఆ గళ్ళలో ఏ ఉబ్బూ కంటికి ఆనదు. కుడివైపు చీలిక చెయ్యి దూరేంత పైదాకా పెట్టించి, అది తెరుచుకున్నా ఏమీ కనపడకుండా లోపల ఒక బట్ట పొర వేయించాను.

మేడమ్ ఇంటి డ్యూటీ గదిలో గడియ పెట్టుకుని, పిస్టల్ ఖాళీ చేసి, వంగి, లేచి, కూర్చుని, చెయ్యి చీలికలోకి పోనిచ్చి చూసుకుంటున్నాను. తలుపు మీద దబదబా కొట్టారు. నాతో డ్యూటీ పంచుకునే చిన్నది. బక్కపలచటి మనిషి. నా స్థానంలో పీఏ అడగబోయేది ఆమెనేనని నా నమ్మకం.

“ఏందక్కా, ఒక్కదానివే బతుకమ్మ ఆడుతున్నవా? జర మమ్మల్ని కూడ పిలువరాదు!”

“నీకెందుకే, నీకు ఏది కట్టినా నిలుస్తది.”

“ఏం నిలుస్తదక్కా, నాది జారి మోకాళ్ళ కాడికొస్తది. చూపియ్యి, ఏం తెచ్చినవ్?”

చూపించలేదు.

సద్దుల రోజు అల్మాస్‌గూడ మైదానంలో గుమ్మడిపూల, బంతిపూల వాసన కమ్ముకుంది. మేడమ్‌కు ఎడమపక్కన నేను. ఆట మొదలైన కాసేపటికి ఆకుపచ్చ చీర కట్టుకున్న ఒకామె నా పక్కన చేరింది. వంగినప్పుడల్లా ఆమె మోచెయ్యి నా ఎడమ నడుముకు తగులుతోంది. గుంపులో తగలడం మామూలే. కానీ అందరూ ముందుకు వంగుతుంటే ఆమె ఒక్కతే పక్కకు వంగుతోంది. నేను అడుగు జరిగాను. ఆమె కూడా జరిగింది. ఈసారి అరచెయ్యే పెట్టింది.

“ఏంటక్కా, నడుముకు ఇంత గట్టిగా ఉంది?”

కొత్త మనిషి. ఆట ఆడుతూ అడిగే ప్రశ్న కాదు.

“నడుం నొప్పమ్మా. డాక్టర్ బెల్టు ఏసుకోమన్నడు.”

“అయ్యో పాపం,” అంది. అన్నాక మళ్ళీ నా పక్కన కనిపించలేదు. నడుం నొప్పన్న మాట నేను ఇంకెవరికీ చెప్పలేదు. మా ఇంట్లో కూడా.

మర్నాడు మేడమ్ టీ తాగుతూ వీడియోలు చూస్తుంటే పీఏ వచ్చాడు. నన్ను చూసి గొంతు మెత్తగా చేసుకున్నాడు.

“పాపం ఈవిడకి నడుం నొప్పండి మేడమ్. బెల్టు పెట్టుకుని మరీ డ్యూటీ చేస్తున్నారు. రేపు ఏదైనా జరిగితే పరిగెత్తగలరా? రెస్ట్ ఇప్పిద్దామండి.”

“నడుం నొప్పా? నాకు చెప్పకపోతివి,” అంది మేడమ్ నాతో.

“నాకు ఏ నొప్పి లేదు మేడమ్. సార్‌కు ఎవరు చెప్పిన్రో అడగండి.”

మేడమ్ కప్పు కింద పెట్టింది. “ఎవరు చెప్పిన్రయ్యా?”

“అదే... మా ఆవిడ కూడా నిన్న ఆటకొచ్చిందండి.”

“ఆకుపచ్చ చీరనా సార్?” అన్నాను.

నేను మేడమ్ ముందుకొచ్చి నిలబడ్డాను. నిన్న ఆడినట్టే వంగి చప్పట్లు కొట్టి, చుట్టూ తిరిగాను.

“పిస్టల్ ఎక్కడుందో చెప్పండి మేడమ్.”

ఆమె కళ్ళజోడు పెట్టుకుని వెతికింది. ఫోన్లో వీడియో మళ్ళీ చూసింది. “ఇంట్ల పెట్టొచ్చినవా ఏంది?” అంది. నేను పీఏకు నా ఎడమవైపే కనపడేలా తిరిగి, చీలికలో చెయ్యి పెట్టి, తీయకుండానే, ఉన్నచోటు చూపించాను. ఆమె పగలబడి నవ్వింది.

“ఈమెనే ఉండనీయయ్యా. ఎవరినీ అడగకు,” అని పీఏతో చెప్పి, నా వైపు తిరిగింది. “నీ ఒళ్ళు ఇన్నాళ్ళకు పనికొచ్చిందే!”

ఆ మాట కూడా నేను మర్చిపోలేదు.

ఇప్పటికీ అదే బెల్టు, అదే డ్యూటీ. పొద్దున నేను గేటు లోపలికి రాగానే పీఏ “నమస్తే అమ్మా” అంటాడు. అంటూనే అతని చూపు నా నడుం మీదికి వెళ్తుంది. భార్య తడిమి చెప్పిన ఎడమవైపుకే వెళ్తుంది. చూడనీ.