కంభం కళ్లంలో వాటర్లూ

కంభం మిషను బడిలో దేవరాజు పంతులు చిన్న తరగతులకు లెక్కలు చెప్పేవాడు. ఆయన బతుకులో బిరుదులు లేవు, పెద్ద ఉద్యోగాలు లేవు. ఒక యుద్ధం మాత్రం గెలిచాడు. అది కంభం చెరువు కింద, రామసుబ్బయ్య కళ్లంలో, ఒక ఆదివారం మధ్యాహ్నం జరిగింది. అందులో కూలినవాళ్లంతా పలకముక్కలే.

ఆ విద్య ఆయనకు మిషను బంగళాలో అబ్బింది. అక్కడి దొర దగ్గర సీసపు సిపాయిల పెట్టె ఒకటి ఉండేది. వేలెడేసి బొమ్మలు. ఎర్రకోట్లవాళ్లు ఇంగ్లీషు సిపాయిలు, నీలికోట్లవాళ్లు ఫ్రెంచి సిపాయిలు. వాళ్లను బల్లమీద బారులు తీర్చి, బద్దతో కొలిచి జరుపుతూ, పాచికలు వేసి ఎవరు కూలారో తేలుస్తూ, నెపోలియను కాలపు యుద్ధాలను మళ్లీ ఆడటం దొర సరదా. ఆటకు ఎదుటి మనిషి కావాలి. దరిదాపుల్లో మరో తెల్లవాడు లేడు. అందుకని కొత్తగా బడిలో చేరిన దేవరాజుకు కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. దొర ఎప్పుడూ ఇంగ్లీషు పక్షమే. దేవరాజు ఎప్పుడూ నెపోలియనే. నెపోలియను ఎప్పుడూ ఓడాలి. ఒకసారి దేవరాజు గెలవబోతుంటే దొరకు తలనొప్పి వచ్చి దీపం ఆర్పించాడు.

కొన్నాళ్లకు దొర పెట్టె సర్దుకుని తన దేశం వెళ్లిపోయాడు. ఆట మాత్రం దేవరాజు తలలో ఉండిపోయింది. ఆయన భార్య మార్తమ్మ తమ్ముడు పెద్దన్న మార్కాపురంలో పలకల పని చేసేవాడు. అంచులు కోయగా మిగిలిన ముక్కలను గోతంలో వేసుకొచ్చి బావకు ఇచ్చాడు. ఒక్కో ముక్కను బంకమట్టి ముద్దలో నిలబెడితే ఒక్కో సిపాయి. ఇంగ్లీషువాళ్లకు ఎర్ర జాజు, ఫ్రెంచివాళ్లకు నీలిమందు. పాచికలకు బదులు గవ్వలు. కొలబద్దకు బదులు జొన్నదంటు.

బడి వసారాలో ఇవన్నీ ఆరబెడుతుండగా, మందను తోలుకుపోతున్న పోలయ్య చూశాడు.

"ఏంది పంతులా, పెండ్లి ఊరేగింపా?"

"యుద్ధం పోలన్నా."

"గుర్రాలకు తోకలు లేకుండా యుద్ధమెట్ల జరుగుతాది?"

మరుసటి రోజు గుప్పెడు గొర్రెబొచ్చు తెచ్చి, గుర్రపు దళానికంతా తోకలు అంటించి కూర్చున్నాడు. అలా రెండో మనిషి చేరాడు. మూడోవాడు రామసుబ్బయ్య. చెరువు కింద మాగాణి ఉన్న రైతు. ఆటకు కావలసిన చదునైన నేల ఆయన కళ్లంలోనే ఉంది. ఖద్దరు కట్టేవాడు, కాంగ్రెసు సభలకు ఎక్కడికైనా పోయేవాడు. అందువల్ల మొదటి రోజే పేచీ పెట్టాడు.

"ఖద్దరు కట్టినోణ్ణి, ఇంగ్లీషోళ్ల పక్షాన నేనెట్ల ఆడేది? నేను బోనపార్టుని."

దాంతో ఇంగ్లీషువాళ్లను నడిపే కర్మ దేవరాజు నెత్తిన పడింది. పోలయ్యకు ఏ పక్షమైనా ఒకటే. ఇద్దరు ఆడుతుంటే మూడోవాడు తీర్పు చెప్పాలి. ఆ మొదటి ఆదివారం గెలిచింది రామసుబ్బయ్య. ఆ సంబరంలో ఒక కట్టడి కూడా చేశాడు.

"ఇంగ ఎప్పుడాడినా గెలిచినోడే, గెలిచినోడి ఇంట్లనే అన్నం పెట్టాల. ఓడినోడికి ఆకలెక్కువ."

కట్టడి చేసినప్పుడు ఆయన ఒక సంగతి మరిచాడు. దేవరాజు ఇల్లు మాలపల్లెలో ఉంది.

మన ఊళ్లలో పని చేసే చోట అంటు కనపడదు, తినే చోటే కనపడుతుంది. కళ్లంలో ముగ్గురూ మోకాళ్లమీద కూర్చుని, తలలు తలలు తగిలేలా సిపాయిలను జరిపేవాళ్లు. పోలయ్య గెలిస్తే మంద దగ్గర, ఆరుబయట, పొట్టేలు కూర వండుకుని తినేవాళ్లు. అక్కడా చిక్కు లేదు. రామసుబ్బయ్య గెలిచిన రోజున మాత్రం ఆయనకు నడవలో, పోలయ్యకు వసారాలో, దేవరాజుకు పశువుల కొట్టం పక్కన ఆకులు పడేవి. నీళ్లు ఎత్తునుంచి దోసిట్లో పోసేవాళ్లు. తిన్న ఆకు దేవరాజే ఎత్తి పారేసుకునేవాడు. కళ్లంలో "అన్నా" అని పిలిచినవాడే వీధిలోకి రాగానే "అయ్యా" అనేవాడు. ఈ ఏర్పాటు గురించి ముగ్గురిలో ఎవరూ ఎన్నడూ మాట్లాడలేదు. అంతకాలం మాట్లాడకుండా ఉండగలగడమే మన పెద్దమనిషితనం.

దేవరాజుకు కోరిక ఒకటే. ఒక్క ఆట గెలవాలి. తన ఇంట్లో, మార్తమ్మ వండింది, ఈ ఇద్దరూ తన పక్కన కూర్చుని తినాలి. ఆటలో ఇద్దరికన్నా గట్టివాడే. పోలయ్యతో ఆడితే పంతులు చెయ్యి మెత్తబడేది, ఎందుకంటే తీర్పు చెప్పిన రామసుబ్బయ్యను కాదు, తన చేతిలో ఓడిన రామసుబ్బయ్యనే ఇంటికి పిలవాలని ఆయన పంతం. రామసుబ్బయ్యతో ఆడి గెలుపు అంచుకు వచ్చినప్పుడల్లా ఆయన పొద్దు వైపు చూసి లేచేవాడు.

"ఎద్దులకు నీళ్లు పెట్టాల. మల్లా వారం మొదట్నుంచి ఆడదాం."

ఇంట్లో మార్తమ్మ ఆదివారం ఆదివారం ఎసరు పెట్టి ఎదురుచూసేది.

"గెలిచినావా?"

"లేదు."

"ఓడినావా?"

"లేదు. ఎద్దులకు దప్పికైంది."

"ఆ ఎద్దులు చెరువు తాగేస్తాయిగానీ నువ్వు గెలవవు!" అంటూ ఎసరు దించేది.

ఇక ఆ ఆదివారం. తీర్పు పోలయ్యది. దేవరాజు ముగ్గుపిండితో కళ్లంలో ఒక దిబ్బ గీశాడు, ఒక పొలంగట్టు గీశాడు, పక్కగా ఒక ఏరు గీశాడు. దిబ్బ ఎవరి చేతిలో ఉంటే ఆట వాళ్లది. రామసుబ్బయ్య తన నీలి సిపాయిలను దిబ్బమీద దట్టంగా నిలిపాడు. వాళ్ల వెనక, బోనపార్టు ముక్క చుట్టూ, ఎంచిన వీరుల ఖాసా దళం. దేవరాజు ఎర్ర బారులు రెండుసార్లు దిబ్బ ఎక్కబోయి, గవ్వలు కలిసిరాక కిందికి జారాయి.

"ఎక్కండి, ఎక్కండి! ఇది మీ లండన్ అనుకున్నారా?" అని రామసుబ్బయ్య తొడ చరిచాడు.

దేవరాజు జారిన బారులను అక్కడే వదిలేశాడు. ఒకే ఒక్క ఎర్ర సిపాయిని తీసుకెళ్లి ఏటి పైనెత్తున, నీళ్లు వచ్చే వైపు, అందరికీ దూరంగా నిలబెట్టాడు.

రామసుబ్బయ్య చూపు అటు తిరిగింది.

"వాడేంది అక్కడ?"

"నిలబడినాడన్నా."

"ఊరకనే నిలబడతాడా? ఏటి పైనెత్తున? చేతిలో ఏముంది వానికి?"

"తుపాకి," అన్నాడు దేవరాజు.

"పార కాదు గదా?"

పోలయ్య నవ్వు ఆపుకోలేకపోయాడు. "పలకముక్కకు చెయ్యేడిది మామా, పార పట్టేదానికి?"

చెరువు కింద మాగాణి ఉన్నవాడికి పైనెత్తున ఒంటరిగా నిలబడ్డ మనిషి కనిపిస్తే ఇంకేదీ కనిపించదు. కాలవకు గండి కొట్టి నీళ్లు మళ్లించుకునేవాడు నిలబడేది అక్కడే. రామసుబ్బయ్య తాత, తండ్రి, తనూ ఆ చోటే కాపలా కాసినవాళ్లు. ఇది ముగ్గుపిండి ఏరనీ, ఇందులో చుక్క నీరు లేదనీ ఆయనకు తెలుసు. తెలిసీ తట్టుకోలేకపోయాడు. గుర్రపు దళాన్ని సగం అటు పంపాడు.

దేవరాజు ఆ సిపాయి పక్కన ఇంకొకణ్ణి నిలిపాడు.

"చూసినావా! ఇద్దరైనారు. వీళ్లు గండి కొట్టేదానికే వచ్చినారు!" అంటూ ఖాసా దళాన్ని మొత్తం దిబ్బ దించి ఏటి వెంట తోలేశాడు.

పోలయ్య జొన్నదంటుతో కొలిచాడు. అంతే. దేవరాజు ఎర్ర బారులు ఖాళీ అయిన వైపునుంచి దిబ్బ ఎక్కాయి. గవ్వలు వేస్తే బోర్లా పడాల్సినవి బోర్లా, వెల్లకిలా పడాల్సినవి వెల్లకిలా పడ్డాయి. బోనపార్టు చుట్టూ ఒక్క నీలి ముక్కా మిగల్లేదు. ఏటి దగ్గర మాత్రం కాపలా బ్రహ్మాండంగా ఉంది.

రామసుబ్బయ్య పొద్దు వైపు చూశాడు.

"ఎద్దులకు నీళ్లు..."

"తాపినాలే మామా," అన్నాడు పోలయ్య. "నువ్వు రాకముందే. తొట్టి ఖాళీ చేసినాయి."

"మేత?"

"వేసినా."

"నల్లెద్దు కుంటుతా ఉండె, చూసొస్తా."

"దాన్ని నిరుడే అమ్మినావు గదా!"

పోలయ్య గొంతు సవరించుకుని తీర్పు చెప్పాడు. "ఆట పంతులుది."

రామసుబ్బయ్య తుండుతో మెడ తుడుచుకున్నాడు. "అట్లయితే... అన్నం ఈడికే తెప్పియ్యరాదా దేవరాజూ? కళ్లంలో గాలి బాగుంటాది."

"గెలిచినోడి ఇంట్ల అన్నావన్నా. నీ నోటితోనే."

"నాకేం లేదబ్బా. ఇంట్ల మా అమ్మ ఉండాది..."

"పొదిలి సభలో అంటరానితనం పోవాలని చెప్తే చప్పట్లు కొట్టినావంట," అన్నాడు పోలయ్య. "అప్పుడు మీ అమ్మను అడిగి కొట్టినావా?"

"నువ్వు మాట్లాడబాకురా! నువ్వు పోతావా మాలపల్లెకు? మీ గొల్లోళ్లు ఊరకుంటారా?"

పోలయ్య తల గోక్కున్నాడు. "అదే ఆలోచిస్తాండా. ఇంట్లోకి రానియ్యకపోతే మంద కాడ పండుకుంటా. గొర్రెలు అడగవులే."

దేవరాజు అప్పటికే సిపాయిలను గోతంలో వేస్తున్నాడు. మెల్లగా, ఒక్కొక్కరినే.

"ఓడినా దొర నాకు కుర్చీ ఏసినాడు. ఓడినా నువ్వు కొట్టం కాడ ఆకేసినావు. గెలిచిన పొద్దు గూడా నేనే తగ్గాల్నా అన్నా? వద్దులే. ఇంగ ఈ ఆట వద్దు."

గోతం మూతి బిగించాడు. రామసుబ్బయ్య చేతిలో బోనపార్టు ముక్క మిగిలిపోయింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఓడినాక ఈయన ఏం చేసినాడు?"

"ఇంగ్లీషోళ్ల ఓడ ఎక్కినాడు. ఖైదీగా."

"ఓడలో కూడు?"

"వాళ్లు పెట్టిందే."

రామసుబ్బయ్య తుండు తీసి రెండు చేతులకూ చుట్టుకున్నాడు. "అయితే నేను ఖైదీని. మా అమ్మ అడిగితే పట్టుకపోయినారని చెప్తా. పోలిగా, ముడేయి."

పోలయ్య ముడి వేశాడు. ముందు గోతంతో దేవరాజు, నడుమ చేతులు కట్టుకున్న రామసుబ్బయ్య, వెనక కర్రతో పోలయ్య. పల్లె దారిలో మిరపనారుకు నీళ్లు పోస్తున్న రోశమ్మ నిలబడిపోయింది.

"ఓ రామసుబ్బయ్యా! చేతులకు ఆ కట్టేంది?"

"పట్టుకున్నారు పిన్నమ్మా!"

"ఎవరు?"

"ఇంగ్లీషోళ్లు!"

కాంగ్రెసు పనిమీద జైలుకు పోతున్నాడనుకుంది ఆమె. చెంబు పక్కన పెట్టి "వందేమాతరం" అని కేక వేసింది. పక్క చేలోవాళ్లు కూడా అందుకున్నారు. రామసుబ్బయ్య తల వంచుకుని నమస్కారం పెట్టబోయాడు, కట్టిన చేతులు ఎలాగూ కలిసే ఉన్నాయి.

గుమ్మంలో మార్తమ్మ నిలబడింది. వెనక పొయ్యిమీద కోడికూర ఉడుకుతోంది. ఆ పూట ఎసరు దించలేదు. ముగ్గురినీ చూసింది, తుండు చూసింది.

"చేతులకు ఆ గుడ్డేంది?"

"ఖైదీనమ్మా," అని నవ్వాడు రామసుబ్బయ్య.

ఆమె నవ్వలేదు. "మా ఇంటికి ఖైదీలు రారు. చుట్టాలొస్తారు. అది ఇప్పుకొని రా అన్నా. లేకుంటే ఆడికాడ్నుంచే పో."

పోలయ్య ముడి విప్పడానికి చెయ్యి చాచాడు. దేవరాజు అతన్ని ఆపాడు. రామసుబ్బయ్య తలుపు వైపు చూశాడు, వచ్చిన దారి వైపు చూశాడు. దారి పొడుగునా ఎవరూ అడ్డం లేరు. చివరికి ముడిని పళ్లతో పట్టి లాగాడు. ఒక్క లాగుకు ఊడలేదు. పోలయ్య గట్టిగానే వేశాడు. ఊడాక తుండు భుజాన వేసుకుని, కాళ్లు కడుక్కుని, తల వంచి లోపలికి వచ్చాడు.

ఒకే చాపమీద మూడు ఆకులు. మొదటి ముద్దను రామసుబ్బయ్య కలిపిందే కలిపి, చివరికి నోట్లో పెట్టుకున్నాడు. తరవాత ఆకలే మాట్లాడింది.

"కూరలో ఉప్పు తక్కువ."

"ఇన్నేండ్లు ఎసరు పెట్టీ దించీ, వండేదే మర్చిపోయినా," అంది మార్తమ్మ.

పోలయ్య పొలమారేలా నవ్వాడు. రామసుబ్బయ్య రెండుసార్లు పులుసు అడిగి పోయించుకున్నాడు. తినడం అయ్యాక ఆకు మడిచి ఎత్తబోయాడు. దేవరాజు ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

"ఉండనియ్యన్నా. మా ఇంట్ల చుట్టాలు ఆకులెత్తరు."

రామసుబ్బయ్య ఆ ఆకు వైపు చాలాసేపు చూశాడు.

ఆ రాత్రి తల్లి కృష్ణమ్మ ఆయన నెత్తిన బిందెడు నీళ్లు కుమ్మరించి, రెండు రోజులు మాట మానేసింది. పోలయ్య నిజంగానే మంద దగ్గర పడుకున్నాడు. ఊరు అంతలో మారిపోలేదు. బావులు వేరుగానే ఉన్నాయి. వాటిని కలపడానికి పలకముక్కలు చాలవు.

ఆ తరవాతి ఆదివారం రామసుబ్బయ్య అందరికన్నా ముందే కళ్లానికి వచ్చాడు. ఆట నడుమ దేవరాజు మళ్లీ ఒక ఎర్ర సిపాయిని ఏటి పైనెత్తున నిలిపాడు. రామసుబ్బయ్యకు చెమటలు పట్టాయి. "వాని చేతిలో పార లేదు, పార లేదు" అని గొణుక్కుంటూ, కళ్లు మూసుకున్నంత పనిచేసి, దిబ్బమీదనుంచి ఒక్కణ్ణి కూడా కదపలేదు. ఆయన ఆటలో అంతకన్నా కష్టమైన ఎత్తు లేదు. గెలిచాడు.

నడవలో మూడు ఆకులు పడ్డాయి. కృష్ణమ్మ దొడ్లోకి పోయి కూర్చుంది. అందువల్ల రామసుబ్బయ్యే వడ్డించాడు. ఎన్నడూ వడ్డించి ఎరగడు. పప్పు సగం దేవరాజు ఆకులో, సగం నేలమీద పోశాడు.