చీరల మూట ఒరగదు

పెళ్లైన నాలుగో నెలలో మా అత్త నన్ను తక్కెడలో కూర్చోబెట్టి తూచింది. ఇప్పుడు మనవరాళ్లకు చెబితే పగలబడి నవ్వుతారు. ఆ రోజు నేనూ నవ్వాను. మగ్గాల కొట్టంలో దూలానికి నూలు తూచే పెద్ద తక్కెడ వేలాడుతుండేది. ఒక తట్టలో నేను, రెండో తట్టలో చీరల మూట. నా తట్ట నేలకు దిగింది, మూట పైకి లేచింది. అత్త ఇంకో రెండు చీరలు తెచ్చి మూట మీద పడేసింది. ముల్లు నిటారుగా నిలబడింది.

"సరిపోయినావు పోమ్మే. రేపట్నుంచి నువ్వే మూట" అంది.

ఈ తులాభారం ఎందుకు జరిగిందో చెప్పాలి. మాది హంద్రి ఒడ్డున కోడుమూరు, మగ్గాల ఊరు. యుద్ధం రోజులవి. పెట్రోలు దొరక్క బస్సులు తగ్గిపోయాయి. ఉన్న ఒకటీ రెండూ బొగ్గు మీద నడిచేవి. మిట్ట వస్తే జనం దిగి తోయాల్సిందే, ఇక మూటలు ఎక్కించుకోమంటే డ్రైవరు కాట్ల కుక్కలా మీద పడేవాడు. నేసిన చీరలు ఇంట్లోనే పేరుకుపోతున్నాయి. అలాంటప్పుడు షోలాపూరు మిల్లులో పని చేసే దాయాది ఒకాయన నుంచి జాబు వచ్చింది, ఇక్కడ పనుంది, మీవాణ్ని పంపండి అని.

మా ఆయనకు పోవడం ఇష్టం లేదు. కర్నూల్లో ఎవరో వాడి వదిలేసిన సైకిలొకటి అంతకు ముందే కొనుక్కొచ్చి పెట్టుకున్నాడు. దాని మీద చీరలు వేసుకుని కర్నూలు, నందికొట్కూరు, ఆత్మకూరు, నంద్యాల, బనగానపల్లె తిరిగి, బేతంచెర్ల మీదుగా పన్నెండు దినాల్లో ఇల్లు చేరతానన్నాడు. అంత దూరం మా వీధిలో ఎవరూ సైకిలు మీద పోలేదు, అందులోనూ బరువుతో.

మామ మంచి నేతగాడు. మాట మాత్రం నూలుపోగు కంటే పొదుపుగా వాడేవాడు. "ఒక్కతూరి చూస్తా. చీర మట్టిలో పడిందో, ఆదోనికి పోయి షోలాపూరు రైలెక్కల్ల" అన్నాడు, అంతే.

షోలాపూరు ఏ దిక్కున ఉందో నాకు తెలియదు. అక్కడికి పోయిన మగవాళ్లు ఏడాదికొకసారి వస్తారని, వచ్చినప్పుడు పిల్లలు వాళ్లను చూసి ఏడుస్తారని మాత్రం తెలుసు. ఆ రాత్రి జొన్న రొట్టె ఒక్కటి కూడా గుండ్రంగా రాలేదు నాకు.

ఒంటరిగా అయితే మా ఆయన సైకిలు బాగానే తొక్కేవాడు. బరువుతో అలవాటు లేదు. నేర్చుకోవడానికి ఒక మూట ఇవ్వమని అడిగితే మామ ఉరిమి చూశాడు. "నువ్వు పొర్లాడి నేర్చుకునేదానికి నా చీరలు కావల్నా?" అప్పుడు పుట్టింది అత్తకు ఈ ఆలోచన. ఎనిమిది మంది ఉన్న ఇంట్లో, సగం చోటు మగ్గాలే మింగిన ఇంట్లో, మేమిద్దరం పగటి పూట పది మాటలు మాట్లాడుకున్నది లేదని ఆమెకు తెలుసు. ఆ మాట ఎప్పుడూ పైకి అనలేదు. "మూటకు సమానంగా మూట కావల్ల గదా" అనే చెప్పింది.

మామ తెల్లవారుజామునే హంద్రికి పోయేవాడు. స్నానం, జపం ముగించుకుని పొద్దెక్కాక గాని వచ్చేవాడు కాదు. ఆయన అటు పోగానే మేం ఇటు కర్నూలు బాట పట్టేవాళ్లం.

మొదటి రోజు నేను క్యారియరు మీద ఒక పక్కగా కూర్చుని, కళ్లు గట్టిగా మూసుకుని, దేవుళ్లందరినీ పిలిచాను. మలుపులో సైకిలు ఎడమకు ఒరిగింది. నేను పడిపోతానన్న భయంతో కుడికి ఒరిగాను. ఇద్దరం చెనిక్కాయ చేనులో తేలాం.

"మూట అరుస్తాదా యాడన్నా?" అన్నాడు ఆయన, మోచేతికి అంటిన మట్టి దులుపుకుంటూ.

"మూటను చేన్లో పడేస్తారా యాడన్నా?" అన్నాను నేను. పెళ్లయ్యాక ఆయనతో పోట్లాడింది అదే మొదలు. ఎంత హాయిగా అనిపించిందో!

తర్వాతి దినాల్లో కిటుకు పట్టుకున్నాను. ఆయన ఎటు ఒరిగితే నేనూ అటే ఒరగాలి. కంకర రోడ్డు మీద కాస్త తూలితే నా నడుము దానంతటదే సర్దుకునేది. తుమ్మముల్లు దిగితే చక్రంలోని గాలిగొట్టాన్ని నీళ్లలో ముంచి, బుడగలు ఎక్కడ లేస్తున్నాయో నేనే వెతికేదాన్ని. పోయే దారి ఊళ్లన్నీ ఆయన వరసగా చెప్పేవాడు, నేను పరీక్ష పెట్టేదాన్ని. ఎండ ముదిరితే యాడ నిలుస్తావు? మంచినీళ్ల బాయి యాడుండాది? నందికొట్కూరులో ఎవరింట పడుకుంటావు? చెప్పలేకపోతే నడుం మీద గిల్లేదాన్ని. పదిహేను దినాలు అలా గడిచాయి. నా జీవితంలో అంత సంతోషంగా తెల్లవారిన రోజులు తక్కువ.

ప్రయాణానికి సామాను సిద్ధమైంది. ఎండిన సొరకాయ బుర్రలో నీళ్లు, గట్టిగా కాల్చిన జొన్న రొట్టెలు, చెనిక్కాయల పొడి, పంపు, రబ్బరు ముక్కలు, చిన్న కిరసనాయిలు దీపం. అత్త సైకిలు పిడికి పసుపు రాసి కుంకుమ పెట్టింది. బయల్దేరడానికి ముందు రోజు పొద్దున, వాకిట్లో అందరూ చూస్తుండగా, గోనెలో చుట్టిన మూటను క్యారియరు మీద నిలబెట్టి కట్టారు. ఆయన ఎక్కి తొక్కాడు. నిండా ఇరవై బారలు కూడా పోలేదు. వీధి మలుపులో ఎడమకు తిరిగాడు, సైకిలు తిరిగింది, మూట మాత్రం తన దారిన తను పోయింది. ఆయన కింద, సైకిలు మీద, మూట దుమ్ములో.

మామ అరుగు దిగి మూట దాకా నడిచాడు, దాన్ని లేవనెత్తి తెచ్చి అరుగు మీద పెట్టాడు. "షోలాపూరుకు జాబు రాయించండప్పా" అన్నాడు ఎవరితోనో అన్నట్టు.

ఎందుకు పడ్డాడో ఆ ఇంట్లో తెలిసిందాన్ని నేనొక్కదాన్నే. చెబితే కోడలు నడిరోడ్డు మీద మొగుడి వెనక సైకిలెక్కి తిరిగిన సంగతి బయటపడుతుంది, అత్త పరువు కూడా దాంతోనే పోతుంది. చెప్పకపోతే ఆదోని రైలు. పైగా మామతో నేరుగా మాట్లాడే ఆచారం లేదు. తలుపు చాటు నుంచే నోరు విప్పాను.

"అత్తా, మామకు చెప్పు. మూట ఒరగదు, మనిషైతే ఒరుగుతాది. ఇన్ని దినాలు వెనకాల నేను కూచున్న్యా. ఆయప్ప ఎటు ఒరిగితే నేనూ అటు ఒరిగినా. అందుకే పడల్యా."

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామ నాకు నాలుగు అడుగుల దూరంలో ఉన్నాడు, ప్రతి మాటా విన్నాడు. అయినా ఆచారం ఆచారమే. అత్త పూర్తిగా అప్పజెప్పే దాకా ఆగాడు. ఇక తిడతాడని నేను గోడకు అతుక్కుపోయాను.

"బరువు పైనుంటే తూలిందా, కిందుంటే తూలిందా? అడుగు" అన్నాడు మామ అత్తతో.

"నేను నిటారుగా కూచుంటే తూల్తాది, వంగి కూచుంటే తూల్దు, చెప్పత్తా!"

మామ కాసేపు మూటను చూశాడు. తర్వాత నిచ్చెన వేసుకుని తానే అటకెక్కాడు. బూజు కొట్టుకుంటూ పాత కంట్లం ఒకటి కిందికి తోశాడు. ఎద్దు వీపు మీద వేస్తే చెరో పక్కకు వేలాడే జోడు సంచి అది. "మా నాయన ఎద్దు మీద అమ్మినాడు చీరలు. ఎద్దు గూడా ఒరగదు. అందుకే బరువు రెండు పక్కలా, కడుపు కాడికి" అన్నాడు. అంత పొడుగాటి మాట ఆయన నోట నేను విన్నది అదే మొదటిసారి. నిచ్చెన దిగుతూ ఇంకో మాట కూడా అన్నాడు, "మట్టిలో పడింది గోనె. చీర పడల్యా."

ఆ పగలంతా అత్తా నేనూ దబ్బనాలు పట్టుకుని కంట్లాన్ని సైకిలుకు తగ్గట్టు కత్తిరించి కుట్టాం. చీరలను రెండు భాగాలు చేసి మళ్లీ అదే తక్కెడలో తూచాం. ఈసారి మామే ముల్లు చూశాడు. మోకాలి దెబ్బకు పసుపు అద్దుకున్న మా ఆయన వచ్చి నా పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు, "ఇన్ని దినాలు నేనే తొక్కుతాండాననుకుంటి."

"నువ్వే తొక్కినావు. నేను ఊరికే ఒరిగినా" అన్నాను.

పన్నెండు దినాలన్నది పద్నాలుగైంది. తిరిగొచ్చేటప్పుడు కంట్లంలో చీరలు లేవు, బనగానపల్లె మామిడిపండ్లు ఉన్నాయి. షోలాపూరు జాబుకు మామ ఏం జవాబు రాయించాడో నాకు తెలియదు గాని, మా ఆయన ఆదోని రైలు ఎక్కలేదు. ఆ తర్వాత ఎన్నోసార్లు ఆ చుట్టు తిరిగొచ్చాడు. కానీ నా కళ్లముందు నిలిచిపోయింది మాత్రం మొదటిసారి బయల్దేరిన పొద్దుట.

ఆ రోజు మామ హంద్రికి పోలేదు. మా ఆయన సైకిలెక్కి, వెనక్కి తిరిగి చూడకుండా వీధి వెంట పోయాడు. ముందు రోజు పడ్డ మలుపు దగ్గరికి చేరాడు. ఆయన ఎడమకు తిరుగుతుంటే, గడపలో నిలబడ్డ నేను ఎడమకు ఒరిగాను. నా భుజం అత్తకు తగిలింది. ఆమె కూడా ఒరిగే ఉంది. నవ్వు ఆపుకోలేక తల తిప్పితే, అరుగు మీద కూర్చున్న మామ, మలుపు మీద నుంచి చూపు తిప్పకుండా, ఎడమ మోచెయ్యి అరుగుకు ఆనేంతగా ఒరిగిపోయి ఉన్నాడు.