రాయికి జిప్సం

పావగడ బజారులో అనంతపద్మనాభ శెట్టి ఎరువుల అంగడికి పోయి, చెనిక్కాయకు, అదే వేరుశెనగకు, జిప్సం ఎన్నిసార్లు వేయాలని అడిగితే ఆయన వెంటనే చెప్పడు. ముందు బెంచీ మీద కూర్చోబెడతాడు. "నాకంటే తెలివిగలవాణ్ణి ఈ తాలూకాలో యాడా చూడలేవుప్పా. నా కత విని పో" అంటాడు. ఎంత తొందరలో వచ్చినవాడైనా విని లేవాల్సిందే.

ఇది జరిగి పదేళ్లు దాటింది. అప్పటికి వరుసగా రెండో ఏడు వానలు ఎగ్గొట్టాయి. చెనిక్కాయ భూమిలోనే మాడింది, ఎరువు అడిగే నాథుడు లేడు. ఉత్త అంగట్లో ఈగలు తోలుకోవడం కంటే పుణ్యమైనా వస్తుందని శెట్టి కార్తీకంలో బస్సెక్కి రామేశ్వరం పోయాడు. తోటివాళ్లంతా అక్కడినుంచి తీర్థమూ శంఖాలూ తెచ్చుకున్నారు. ఈయన మాత్రం బిస్కట్ల డబ్బాలో సముద్రపు నీళ్లు పోయించి, అందులో పిడికెడంత పగడపు రాయి తెచ్చుకున్నాడు. అమ్మినవాడు అరవంలో చాలానే చెప్పాడు గానీ, శెట్టికి అర్థమైంది ఒక్కటే. ఇది ఉత్త రాయి కాదు, ప్రాణముంది, పెరుగుతుంది. పైరన్నదే పెరగని ఊరికి పెరిగేదొకటి తీసుకుపోతున్నానని, ఆ డబ్బాను పావగడ దాకా ఒళ్లో నుంచి దించలేదు.

పటాలు కట్టేవాని చేత గాజుతొట్టి చేయించి అంగట్లో పెట్టాడు. బోరింగు నీళ్లు పోసి రాళ్లుప్పు కలిపాడు. నాలుగు రోజులకల్లా గోధుమరంగు రాయి తెల్లగా పాలిపోయింది, అంగడంతా నీచు కంపు కొట్టింది. "మన నీళ్లు పడి రంగు తేలింది చూడండి" అని వచ్చినవాళ్లందరికీ చూపించాడు మహానుభావుడు. "చచ్చినదాన్ని చూసి రంగు తేలిందని మురిసినోణ్ణి నేనే" అని ఇప్పుడు చెంపలు వేసుకుంటాడు.

ఇక దానికి మేత పెట్టాలి. చెనిక్కాయకు పూత రాలి ఊడలు భూమిలోకి దిగేటప్పుడు జిప్సం వేస్తే కాయ గట్టిపడుతుంది, అందులో ఉండేది సున్నపు సత్తువ. రాయి ఒళ్లంతా సున్నమే కాబట్టి దానికీ అదే మందని శెట్టి తేల్చేశాడు. మొదట వారానికొక చెంచా వేశాడు. సోమవారం సోమవారం రాయి చుట్టూ దారం చుట్టి కొలిచేవాడు. నెల గడిచినా దారం చివర్లు ఎక్కడ కలవాలో అక్కడే కలిశాయి. సరే అని రోజు మార్చి రోజు వేశాడు. అదీ చాలదనిపించి పొద్దున జిప్సం, సాయంత్రం తాంబూలం డబ్బాలోని సున్నం మొదలుపెట్టాడు. "ఎక్కువేస్తే భూమి చెడుతుందప్పా" అని రైతులకు బుద్ధులు చెప్పే నోరే అది!

నిడుగల్లు రైతు పెద్దతిమ్మప్ప ఒకనాడు తొట్టిలోకి తొంగి చూసి, "ఏం శెట్టీ, దీనికి ఊడలు ఎప్పుడు దిగుతాయి? కలుపు తీయను మనుషుల్ని పంపాల్నా?" అన్నాడు.

"నవ్వుప్పా, బాగా నవ్వు. ఉగాదికి వచ్చి చూడు" అన్నాడు శెట్టి.

ఉగాది గడువు ఆయన పెట్టింది కాదు, భార్య జలజ పెట్టింది. ఎండకు తొట్టి నీళ్లు ఆవిరైపోతుంటే, బోరింగు దగ్గర వరసలో నిలబడి వారానికి ఆరు బిందెలు మోసి పోసేది ఆమే. ఒకనాడు మధ్యాహ్నం వంటింటి గడప దగ్గర నిలబడి తింటూ చెప్పింది: "ఏమండీ, మనుషులకే నీళ్లు ల్యావు. ఉగాది దాకా చూస్తా. ఆ రాయి పెరిగితే ఉంచుకోండి. ల్యాకుంటే తొట్టి తీసేయండి, ఇంగ నేను మోయలేను." ముద్ద కలుపుతూ, "నిడుగల్లు దోవలో బాయి నీళ్లు తియ్యగా ఉండాయంట. మీరు సైకిల్లో రెండు బిందెలు తేగూడదా?" అని అడిగింది.

"నాకు తీరిక యాడుండాది? రెండు పూటలా రాయిని చూసుకోవద్దా?" అన్నాడు శెట్టి. అని పూటకొక చిటికెడు పెంచాడు.

మాఘమాసంలో ఒక సోమవారం దారం చివర్లు కలవలేదు! శెట్టికి కాళ్లు నేల మీద నిలవలేదు. కొత్త దారం చుట్టి, కొలత దగ్గర ముడి వేశాడు. పై వారం మరో ముడి. ఉగాది నాటికి రాయి వేలెడు లావెక్కింది. పండగ పూట దాన్ని ఇత్తడి పళ్లెంలో పెట్టుకుని, దారం చేత పట్టుకుని, దేవుణ్ణి ఊరేగించినట్టు ఇంటికి తెచ్చాడు.

"చూడు జలజా! పెరగదంటివే?"

జలజ రాయిని అటూ ఇటూ తిప్పి చూసింది. లోపలికి పోయి, నీళ్లు కాచే హండాను కాలితో నెట్టుకుంటూ వెలుతురులోకి తెచ్చింది. లోపల అడుగు నుంచి అంచు దాకా వేలెడు మందాన తెల్లగా గార కట్టుకుని ఉంది.

"దీనికి దినానికి ఎన్నిసార్లు వేసినారు జిప్సం?" అని అడిగింది.

శెట్టి గోటితో రాయిని గీకాడు. పెళ్లలు పెళ్లలుగా రాలింది. హండాలో గీకాడు. అదే రాలింది. ఆయన నాలుగు నెలలు మేపింది సముద్రపు ప్రాణిని కాదు, పావగడ బోరింగు గారను. ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. జలజ కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వి, ఆయాసంతో గోడ పట్టుకుంది.

"కూసోవే, పడతావు" అన్నాడాయన.

"కూసోగలిగితే కూసోనా? కింద కూసుంటే మళ్లీ లేయలేను."

"ఎప్పట్నుంచి?"

"మూడేండ్లాయ. మొన్న చలికాలంలో ఆస్పత్రిలో చూపిచ్చుకుంటి. ఈ నీళ్లలోని ఫ్లోరైడుకే ఎముకలు బిరుసెక్కినాయంట, తీపినీళ్లు తాగమన్నారు. అందుకే గదా మిమ్మల్ని ఆ బాయికి పోండి అన్నింది."

"ఆ మాట అప్పుడే చెప్పకపోతివే?"

"చెప్దామనే అంగటికి వస్తి. మీరు దారం పట్టుకోనుంటిరి."

దారం అప్పుడు కూడా ఆయన చేతిలోనే ఉంది. పండక్కి చేసిన ఓళిగలు తినకుండానే సైకిలుకు రెండు బిందెలు కట్టి నిడుగల్లు దోవ పట్టాడు.

కత ఇక్కడికి వచ్చేసరికి శెట్టి నవ్వడం మానేస్తాడు. "జిప్సం ఒక్కసారి చాలుప్పా, ఊడలు దిగేటప్పుడు" అని చెప్పి సంచీ తూస్తాడు. ఇప్పటికీ రోజూ పొద్దు వాలకముందే అంగడి మూసి బావికి పోతాడు. నొప్పి కొంత తగ్గింది గానీ, జలజ ఇప్పటికీ కింద కూర్చోలేక గడప దగ్గర నిలబడే తింటుంది. ఆయనా కంచం పట్టుకుని ఆమె పక్కనే నిలబడి తింటాడు.