రెండో ర్యామ్ కూడా ఎందుకు మొరాయించింది

1997 ఫిబ్రవరిలో నేను విశాఖపట్నంలో ఒక కంప్యూటర్ కంపెనీ బ్రాంచిలో సీనియర్ కస్టమర్ ఇంజినీరుగా ఉన్నాను. పేరు గంభీరంగా ఉంటుంది గాని చేసేది రిపేరు పనే. మేం అమ్మిన యంత్రం ఎక్కడ ఆగిపోతే అక్కడికి స్క్రూడ్రైవర్లూ మల్టీమీటరూ బ్యాగులో వేసుకుని బస్సెక్కి పోవడం. నా కింద నలుగురు ఇంజినీర్లు ఉండేవారు. వాళ్ల చేతుల్లో తేలనిది నా దగ్గరికి వచ్చేది. ఒకే ఫిర్యాదు మూడోసారి వస్తే దాన్ని ‘రిపీట్ కాల్’ అని ఎర్ర సిరాతో రాసేవాళ్లం. అలాంటి కాగితం బల్ల మీద కనబడితే ఆ పూట నాకు టీ కూడా రుచించేది కాదు. ఆ నెల రెండో వారం దాటాక వచ్చిన ఎర్ర కాగితం చోడవరానిది.

చోడవరంలో అప్పటికి ఇళ్లలో కంప్యూటర్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. ఇది పద్మావతి గారి ఇంట్లోది. ఆవిడ హైస్కూల్లో తెలుగు టీచరు. మాడుగుల, దేవరాపల్లి, బుచ్చయ్యపేట చుట్టుపక్కల ఊళ్ల పేర్ల మీద పీహెచ్‌డీ చేస్తున్నారు. ఊరి పేరుతో ఊరుకోకుండా చెరువు పేరు, మెట్ట పేరు, పొలం పేరు కూడా సెలవుల్లో తిరిగి రాసుకొచ్చి, ఏళ్ల తరబడి తానే కూర్చుని టైపు చేసుకున్నారు. చివరి అధ్యాయంలో మ్యాపులు చేర్చేసరికి యంత్రంలో ఉన్న ఎనిమిది ఎంబీ మెమరీ చాల్లేదు. ఫైలు తెరుచుకోవడమే మానేసింది. ఇంకో ఎనిమిది ఎంబీ ర్యామ్ వేయించుకోమని సలహా ఇచ్చింది మేమే.

ర్యామ్ అంటే చూడ్డానికి జానెడు కూడా లేని సన్నని ఆకుపచ్చ పలక. ఒక అంచున వరసగా బంగారు రంగు పిన్నులు ఉంటాయి. మదర్‌బోర్డు మీద ఉన్న స్లాటులో ఆ అంచును కూర్చోబెడతాం. మనం పని చేస్తున్నంతసేపూ ఫైలు ఆ పలకలోనే ఉంటుంది. పిన్నుకీ స్లాటుకీ మధ్య సంబంధం ఒక్క క్షణం తెగినా యంత్రం తెల్లమొహం వేస్తుంది. సరిగ్గా చెప్పాలంటే నీలం మొహం వేస్తుంది, ఎందుకంటే ఆ రోజుల్లో క్రాష్ అయితే తెరంతా నీలంగా మారిపోయేది.

మా ఇంజినీరు కరీం వెళ్లి ర్యామ్ వేసి వచ్చాడు. కరీం అనకాపల్లి వాడు, నిదానస్తుడు, చేసిన పని రెండోసారి చూసుకుంటే గాని పెట్టె మూత వేసేవాడు కాదు. అయినా మర్నాడే ఫిర్యాదు. ఆన్ చేస్తే పదహారు ఎంబీ చూపిస్తోంది, కాసేపు నడుస్తోంది, మ్యాపుల అధ్యాయం తెరవగానే నీలం తెర. కరీం మళ్లీ వెళ్లి ర్యామ్ తీసి గట్టిగా కూర్చోబెట్టాడు. ఒక రోజు నడిచి మళ్లీ మొదటికొచ్చింది. నిబంధన ప్రకారం ఇంకో కొత్త ర్యామ్ పంపించాం. కరీం దాన్ని వేసి, మొదట వేసినదాన్ని పట్టుకొచ్చాడు. దాన్ని మా వర్క్‌షాపులో అరగంటసేపు పరీక్షిస్తే ఒక్క తప్పూ చూపించలేదు. చోడవరంలో మాత్రం రెండోది కూడా మొదటిదాని బాటే పట్టింది.

రెండు ర్యాములు ఒకే స్లాటులో ఒకే తీరుగా మొరాయిస్తే లోపం మదర్‌బోర్డుదని ఎవరైనా అంటారు. నేనూ అన్నాను. బోర్డు మద్రాసు నుంచి రావడానికి మూడు వారాలు పడుతుందని పద్మావతి గారికి ఫోన్లో చెప్పాను. ఆవిడ నెమ్మదిగా, థీసిస్ ఇవ్వడానికి నెలాఖరు గడువని, ఇప్పటికే రెండుసార్లు పొడిగించారని, మూడోసారి పొడిగించరని, రిజిస్ట్రేషన్ రద్దయిపోతుందని చెప్పారు. బైండింగుకు పట్టే రోజులు తీసేస్తే ఆవిడ చేతిలో వారం కూడా లేదు.

“మీ బోర్డు వచ్చేసరికి నాకు దాంతో పనుండదండీ,” అన్నారు.

కోప్పడి ఉంటే నయమే అనిపించింది. కోప్పడేవాళ్లకు జవాబు చెప్పడం మాకు ట్రైనింగులో నేర్పారు. వేరే యంత్రం మీద ప్రింటు తీద్దామంటే ఆ తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్‌కు తాళం ఆ ఒక్క యంత్రానికే వేసి ఉంది. కొత్త ర్యామ్ తీసేస్తే మ్యాపుల ఫైలు తెరుచుకోదు. ఏ దారీ లేదు. మర్నాడు పొద్దున్నే నేనే చోడవరం బస్సెక్కాను.

చక్కెర ఫ్యాక్టరీలో చెరకు ఆడే క్రషింగ్ సీజను. రోడ్డు పొడుగునా చెరకు బళ్లు, లారీలు. పద్మావతి గారి వీధిలో ఆరేసిన బట్టల మీద ఫ్యాక్టరీ నల్ల నుసి సన్నగా పడి ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. నుసి లోపలికి పోయి స్లాటులో చేరిందన్నమాట, కరీం చూసి ఉండడు అనుకున్నాను. పెట్టె మూత తీశాను. లోపల అద్దంలా ఉంది. కిటికీకి తెర, యంత్రానికి ముసుగు, గది గుమ్మం బయటే చెప్పులు. ఇంత శుభ్రం మా వర్క్‌షాపులో కూడా లేదు.

తర్వాత కరెంటు. ప్లగ్గు దగ్గర వోల్టేజి చూశాను. ఎర్తింగ్ చూశాను. యంత్రం లోపలికి వచ్చే అయిదు వోల్టులూ అయిదుగానే ఉన్నాయి. వేడి సంగతి చూద్దామని ప్రాసెసర్ మీది ఫ్యాను తిరుగుతుండగా దాని కింది రేకు మీద పది నిమిషాలు వేలు పెట్టి కూర్చున్నాను. అంతా సవ్యమే. మ్యాపుల ఫైలు తెరిచాను. నీలం తెర. నా ముందు కూడా మొహమాటపడకుండా ఆగిపోయింది.

ఈ మధ్యలో నేనొకటి చూశాను. మానిటరు మీదా, పెట్టె మీదా, ప్రింటరు మీదా ఎండిపోయిన కుంకుమ బొట్లున్నాయి. చూసి ఊరుకున్నాను. దసరాకి మా వర్క్‌షాపులో మేం కూడా ఆసిలోస్కోపు దగ్గర్నుంచి సోల్డరింగ్ ఐరన్ దాకా అన్నిటికీ బొట్టు పెట్టేవాళ్లం. యంత్రం మీద బొట్టు ఉంటే నా కంటికి అది గోడ మీద సున్నంతో సమానం.

ట్రైనింగులో నేర్పిన ప్రశ్న అడిగాను. ఈ పెట్టెను మా ఇంజినీరు తప్ప ఎవరైనా తెరిచారా, లోపల ఏమైనా చేశారా అని. పద్మావతి గారు లేదన్నారు. వంటింటి గుమ్మంలో వాళ్ల అత్తగారు నరసమ్మ గారు నిలబడి ఉన్నారు. డెబ్బై ఏళ్లుంటాయి. దేవరాపల్లి వైపు మనిషి. థీసిస్‌లోని పొలాల పేర్లు చాలా మటుకు ఆవిడ నోట విన్నవేనట.

“నానా? ఆ పెట్టి జోలికి నానెందుకెల్తాను బాబూ. కోడలు తప్ప దాన్నెవులూ ముట్టుకోరు,” అన్నారు.

ఆవిడ అబద్ధమాడలేదు. ఆ మాట ఇప్పటికీ అంటాను.

ఇక నాకు తోచింది ఒక్కటే. మా వృత్తిలో ఖర్చులేని వైద్యం ఒకటుంది. పాత ర్యామ్ మొరాయిస్తే పిన్నుల్ని పెన్సిల్ రబ్బరుతో రుద్దుతాం. తుప్పూ మురికీ పోతుంది. కొత్త పలకకు ఎవరూ ఆ పని చేయరు. కవర్లోంచి తీసిన కొత్త వస్తువుకు మురికేమిటని కరీమూ చేయలేదు, అతని స్థానంలో ఉంటే నేనూ చేయను. చేతులూరికే ఉండలేక పద్మావతి గారిని రబ్బరు అడిగాను. టీచరు గారి ఇల్లు కదా, నాలుగు తెచ్చిచ్చారు.

కొత్త ర్యామ్ బయటికి తీసి రెండు రుద్దులు రుద్దేసరికి తెల్ల రబ్బరు పచ్చబడింది.

మొదట పిన్నుల మీది బంగారు పూత ఊడి వస్తోందనీ, మాకెవరో నాసిరకం సరుకు అంటగట్టారనీ అనుకున్నాను. పలకను వెలుతురుకి పెట్టి చూశాను. పూత చెక్కు చెదరలేదు. మరి ఈ పచ్చదనం ఎక్కడిది? ఏ పుస్తకంలోనూ చెప్పని పని చేశాను. రబ్బరును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. పసుపు.

నమ్మలేక పద్మావతి గారిని సబ్బుముక్క అడిగాను. ఆవిడ నన్ను అదోలా చూసి తెచ్చిచ్చారు. తడిచేసిన సబ్బును రబ్బరు మీది మరకకు రాశాను. మరక ఎర్రబడింది. పసుపు మరక సబ్బు తగిలితే ఎర్రబడుతుందని బట్టలుతికే ప్రతి ఇంట్లోనూ తెలుసు. అన్నేళ్ల సర్వీసులో నాకు అంత సందేహం లేకుండా రుజువైన లోపం ఇంకొకటి లేదు.

అప్పుడు ప్రశ్న మార్చాను. ఈ పలక మీ ఇంటికి ఎలా వచ్చింది, కరీం వచ్చేదాకా ఎక్కడ ఉందో చెప్పమన్నాను. బస్సు పార్సిల్లో ముందు రోజే వచ్చిందని, తాను స్కూల్లో ఉంటే అత్తమ్మ తీసుకున్నారని పద్మావతి గారు చెప్పారు. ఎక్కడ ఉంచారో ఆవిడకూ తెలియదు. ఇద్దరం నరసమ్మ గారి వైపు చూశాం.

“కొత్త సామాను కదా బాబూ,” అన్నారావిడ. “కవరిప్పి పసుపు రాసేను, బొట్టెట్టేను, దేవుడి కాడ ఉంచేను. తెల్లారి తడిగుడ్డెట్టి శుబ్బరంగా తుడిసీసి మల్లీ కవర్లో ఎట్టీసేను. ఆ ఇంజినీరు బాబు సూసి నవ్వుతాడేమోనని.”

“రెండోదానికి?”

“దానికి ఇంకా బాగా రాసేను. మొదటిదానికి సరిగ్గా సెయ్యనేదేమో, అందుకే ఆగిపోయిందేమో అనుకున్నాను.”

అంతా అర్థమైంది. తడిగుడ్డ పసుపును తుడవలేదు, పిన్నుల పొడుగునా పల్చగా పరిచింది. బంగారు రంగు మీద పచ్చపొర ఎవరికి కనబడుతుంది? స్లాటులో గుచ్చినప్పుడల్లా పొర కాస్త గీసుకుపోయి యంత్రం కాసేపు నడిచేది. వేడెక్కి లోహం పిసరంత కదిలితే మళ్లీ పొర అడ్డం పడేది. మా వర్క్‌షాపు పరీక్షలో మొదటి ర్యామ్ గట్టెక్కిందీ ఆ గీతల పుణ్యమే. రెండూ ఒకే తీరుగా ఆగిపోవడం చూసి మేం బోర్డును అనుమానించాం. బోర్డుకు ఏ పాపమూ తెలియదు.

మా మాటలు వింటూ నరసమ్మ గారు గుమ్మంలోనే కూలబడ్డారు. “అయితే కోడలి పుస్తకం ఆపిందాన్ని నానేనా బాబూ?” అన్నారు. ఆ గొంతు విని నాకు చాలా కష్టం కలిగింది. పద్మావతి గారు వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నారు. “నేను ఇంట్లో ఉంటే నేనే పెడుదును అత్తమ్మా. ఇంత బాగా తుడిచి ఉండను, కరీం గారికి కనబడిపోయేది,” అన్నారు. నరసమ్మ గారు కోడలి మోకాలి మీద ఒక దెబ్బ వేశారు. నేను తల వంచుకుని పనిలో పడ్డాను.

పిన్నుల్ని రబ్బరుతో రుద్ది, స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచాను. అసలు చిక్కు స్లాటుది. అందులోకి దూది పోదు. పోస్టుకార్డు అంచును స్పిరిట్‌తో తడిపి లోపలికి నెమ్మదిగా ఆడించాను. మూడు కార్డులు పచ్చబడ్డాయి, నాలుగోది తెల్లగా వచ్చింది. ర్యామ్ కూర్చోబెట్టి మ్యాపుల ఫైలు తెరిచాను. తెరుచుకుంది. దాన్ని అలాగే ఉంచి ముగ్గురం భోజనాలు చేశాం. గంటన్నర తర్వాత కూడా మ్యాపు తెర మీదే ఉంది. ప్రింటు కొట్టమన్నాను.

సాయంత్రం దాకా కాగితాలు వస్తూనే ఉన్నాయి. తీసి వరసగా పేర్చే పని నరసమ్మ గారు ఎవరికీ ఇవ్వలేదు. ఆవిడకు చదువు రాదు. మ్యాపులో ఒక చుక్క మీద వేలు పెట్టి ఇదేటి అని అడిగేవారు. కోడలు పేరు చదివితే, ఆ పొలం ఎవరిదో, ఆ పేరు ఎందుకొచ్చిందో నాకు చెప్పేవారు. గడువుకు రెండు రోజుల ముందే థీసిస్ యూనివర్సిటీలో చేరిందని తర్వాత ఫోనొచ్చింది.

కాల్ రిపోర్టులో ‘లోపానికి కారణం’ అనే గడి ఉంటుంది. కస్టమర్ చేతి తప్పు అని రాస్తే మా బ్రాంచి ఖాతాలో రిపీట్ కాల్ పడదు. బ్రాంచి మేనేజరు అలాగే రాయమన్నారు. నేను రాయలేదు. విడిభాగాన్ని ఇంజినీరు చేతికివ్వకుండా ముందు రోజే కస్టమరు ఇంటికి పంపడం కారణమని రాశాను. కొత్త వస్తువు ఇంటికొస్తే మన ఇళ్లలో ఏం చేస్తారో తెలిసి కూడా అలా పంపింది మేమే. ఆ నెల నుంచి మా బ్రాంచిలో ర్యామ్ ఇంజినీరు బ్యాగులోనే వెళ్లేది. కవరు విప్పడం, స్లాటులో పెట్టడం ఒక్క చేతి మీదుగానే జరగాలని నియమం పెట్టాం. బొట్టు ఎవరైనా పెడతామంటే మూత బిగించాక పెట్టెకు పెట్టమనేవాళ్లం.

నేను నేర్చుకున్నది మాత్రం అడగడం గురించి. ఏమైనా చేశారా అని అడిగితే మనుషులు తప్పు చేశారా అని వింటారు. నరసమ్మ గారి లెక్కలో పసుపు రాయడం చేయడం కిందికి రాదు. ఆవిడ నాకు నిజమే చెప్పారు, నేనే అడగాల్సింది అడగలేదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఆ ప్రశ్న వేయలేదు. వస్తువు ఇంట్లోకి వచ్చిన దగ్గర్నుంచి ఏం జరిగిందో వరసగా చెప్పమని, మధ్యలో అడ్డు రాకుండా వినేవాణ్ణి. ఒక్కో ఇంట్లో ఆ కథ ముగియడానికి గంట పట్టేది. అయినా రెండోసారి అదే ఇంటికి వెళ్లాల్సిన పని చాలా మటుకు తప్పింది.